అడగాల్సినవన్నీ అడిగేశాక

మనవులు అయిపోయినా లేవకుండా దేవుని సన్నిధిలో ఉండిపోయేవాళ్ల ప్రార్థన గురించి...

షిలోహు మందిరంలో ఒక ఇల్లాలు ప్రార్థన చేసుకుంటోంది. పెదవులు కదులుతున్నాయి, గొంతు మాత్రం వినిపించడం లేదు. గుమ్మం పక్కన ఆసనం మీద కూర్చున్న యాజకుడు ఏలీ ఆమెను కాసేపు చూశాడు. తాగి వచ్చిందనుకున్నాడు. ఇంకెంతసేపు ఈ మత్తు అని కసిరాడు కూడా. సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయంలో ఉంది ఈ ఘట్టం. ప్రార్థన చేసుకునేవాళ్లను చూస్తూ ముసలివాడైపోయిన యాజకుడే చప్పుడు లేని ప్రార్థనను గుర్తుపట్టలేకపోయాడు.

ఆ ఇల్లాలు హన్నా. పిల్లల్లేరు. సవతి పెనిన్నా ఏటేటా దెప్పుతుండేది. భర్త ఎల్కానా ప్రేమగలవాడే, నేనుండగా నీకేం తక్కువని ఓదార్చబోయాడు. ఆ ఓదార్పు ఆమె లోపలి బాధను తాకలేదు. ముద్ద దిగక లేచి మందిరానికి వెళ్లింది. తాగలేదయ్యా, నా మనసులో ఉన్నది దేవుడి ముందు కుమ్మరించుకుంటున్నానని ఏలీకి చెప్పుకుంది. అప్పుడాయన దీవించి పంపాడు. తిరిగి వెళ్లి అన్నం తింది. ఆమె ముఖంలో దిగులు మళ్లీ కనిపించలేదని రాసి ఉంది.

ఏకాంత ప్రార్థన మాట వచ్చినప్పుడల్లా నేను ఈ అన్నం దగ్గర ఆగిపోతాను. సమూయేలు పుట్టడం తర్వాతి సంగతి. ఆ పూటకు ఆమె చేతిలో ఏమీ లేదు. పెనిన్నా అదే ఇంట్లో ఉంది, ఒడి ఖాళీగానే ఉంది. అయినా ఆకలి వేసింది. అడిగింది దొరకడానికి ముందే ఏదో జరిగింది. ఆ జరిగినదాని గురించి మన మందిరాల్లో చెప్పుకునేది తక్కువ. సాక్ష్యం చెప్పమంటే పుట్టిన కొడుకు గురించే చెబుతాం.

గొంతు దొరికిన చోటు

తెలుగు సంఘాల్లో ప్రార్థన అనగానే ముందు చెవిన పడేది గొంతే. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు “ప్రార్థన చేద్దాం” అనగానే మందిరమంతా ఒక్కసారిగా గొంతెత్తుతుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకోసారి ఆల్‌నైట్ ప్రేయర్, భస్మ బుధవారం నుంచి శ్రమకాల కూటాలు, కొత్త సంవత్సరం రాత్రి వాచ్‌నైట్. వీటన్నిటికీ మైకు, సౌండ్ బాక్సులు. బయటివాళ్లు విసుక్కోవడం తెలిసిందే. లోపలివాళ్లలోనూ కాస్త చదువుకుని పట్నం చేరినవాళ్లు ఈ చప్పుడేమిటని మొహం చిట్లిస్తారు.

నేను చిట్లించను. ఈ సంఘాల్లో ఎక్కువమంది మాలపల్లెల నుంచి, మాదిగపల్లెల నుంచి వచ్చినవాళ్లు. ఊళ్లోకి వెళితే చెప్పులు చేతబట్టుకుని, తల దించుకుని, అడిగినదానికే జవాబు చెప్పి రావలసి వచ్చిన మనుషుల మనవలు, మునిమనవలు. నోరు మెదపకుండా ఉండటం వాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. తరతరాలుగా వాళ్ల మీద రుద్దిన శిక్షే అది. అలాంటి మనిషి వారానికోసారి చేతులెత్తి, ఎవరికీ జంకకుండా, తన సొంత మాటలతో దేవుణ్ని పిలిచాడంటే ఆ కేక వెనక పెద్ద చరిత్ర ఉంది. మౌన ప్రార్థన మంచిదని చెప్పదలచినవాళ్లు ముందు దీన్ని ఒప్పుకోవాలి. ఎవరో నోరు నొక్కితే వచ్చిన మౌనం వేరు, గొంతు దొరికాక మనిషి తనంతట తాను ఎంచుకున్న మౌనం వేరు. నేను రాస్తున్నది ఈ రెండోదాని గురించి.

మా నాయనమ్మ ఆ రెండూ ఎరిగిన మనిషి. ఆదివారం ఆవిడ ప్రార్థన మొదలుపెడితే పక్క వరస వాళ్లకు సొంత మాటలు అందేవి కావు. తెల్లవారుజామున మాత్రం మరో మనిషి. మొహం కడుక్కుని, గోనెపట్టా మడిచి మోకాళ్ల కింద వేసుకుని, నులకమంచం పట్టె మీద మోచేతులు ఆనించేది. ముందు పేర్లు వచ్చేవి. పెద్దోడు, చిన్నోడు, పురిటికొచ్చిన కూతురు, పక్షవాతం వచ్చిన ఎదురింటాయన, చూడిగేదె. వరస తప్పేది కాదు. గేదె దాకా వచ్చిందంటే మనవులు అయిపోయినట్టే. ఎవరైనా అక్కడ ఆమేన్ అనేసి లేస్తారు. ఆవిడ లేచేది కాదు. తల మంచం మీదికి వాల్చి అలాగే ఉండేది. నిద్రపోయిందేమోనని దగ్గరికెళ్లి చూస్తే కళ్లు తెరిచే ఉండేవి.

“ఏమడుగుతున్నావు నాయనమ్మా?”

“అడగటం అయిపోయిందిరా.”

“మరి?”

“ఏం లేదు. ఊరికే ఉన్నా.”

చదువు రాదు ఆవిడకు. రాత్రిపూట మా నాన్న చేత ఒక కీర్తన చదివించుకుని, అందులో నాలుగు మాటలు పట్టుకుని పడుకునేది. పొద్దున ఆ మాటలతోనే లేచేది. ధ్యానం గురించి ఆవిడకు ఎవరూ పాఠం చెప్పలేదు.

కనిపెట్టుకుని ఉండటం

ఇలా ఉండిపోవడాన్ని తెలుగు క్రైస్తవులు కనిపెట్టడం అంటారు. దీన్ని ఒక సాధనగా మన నేల మీద నేర్పినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది ముంగమూరి దేవదాసు అయ్యగారిని. లూథరన్ సంఘంలో ఏళ్ల తరబడి పనిచేసి, 1938లో బైబిలు మిషను మొదలుపెట్టిన మనిషి. గుంటూరు కాకాని తోటకు ఇప్పటికీ జనం వెళుతూనే ఉంటారు. ఆయన చెప్పిన ప్రార్థన మెట్లలో మొదటిది మనోనిదానం. అంటే ఏ మాటా మొదలుపెట్టకముందు మనసును కుదుట పరచుకోవడం. ఒప్పుకోలు, సమర్పణ, మనవి, స్తుతి దాటాక కనిపెట్టడం ఉంటుంది. మధ్యలోవి మనందరికీ అలవాటే. మొదటిదీ చివరిదీ మాటల్లేనివి కాబట్టి ఆ రెంటినీ వదిలేస్తాం. వచ్చీరాగానే మొదలుపెట్టి, అయిపోగానే లేచిపోతాం.

కనిపెట్టడం ఎంత కాలం పట్టగలదో తెలియాలంటే ఒంగోలు వెళ్లాలి. అక్కడి ప్రార్థన కొండ గురించి మన వైపు సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. 1854 జనవరి 1న, తెల్లవారకముందే ఐదుగురు ఆ కొండెక్కారు. నెల్లూరులో పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు మనవాళ్లు. ఆ ముగ్గురిలో జూలియా అనే ఆవిడ ఉంది. కింద ఒంగోలు పట్నం, చుట్టూ పల్లెలు. అప్పటికి ఆ ఊళ్లో వాళ్లకు సంఘమంటూ లేదు. ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేశారు. తర్వాత జూయెట్ కింద ఒక జాగా చూపించి, అక్కడ మన బంగళా ఉంటే బాగుంటుందా అని జూలియాను అడిగాడని చెబుతారు.

ఆ సమయంలో ఆ మిషను పరిస్థితి ఏమిటో తెలిస్తే ఈ ప్రశ్న ఎంత సాహసమో అర్థమవుతుంది. తెలుగువాళ్ల మధ్య పని 1836లో మొదలైంది. పద్దెనిమిదేళ్లలో వచ్చిన ఫలితం చాలా తక్కువ. 1853లో అమెరికాలోని మిషను పెద్దలు దీన్ని మూసేద్దామా అని చర్చ పెట్టారు. ఒంటరి నక్షత్రం అనే పేరు ఈ మిషనుకు ఆ చర్చలోనే వచ్చింది. కొండ మీద ప్రార్థన అయ్యాక కూడా ఏమీ జరగలేదు. జూయెట్ 1862లో ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్లాడు. అక్కడ మళ్లీ అదే చర్చ. ఎవరూ పంపకపోయినా తానొక్కడే వెళ్లి తెలుగువాళ్ల మధ్యే ఉంటానని పట్టుబట్టాడు. 1865లో తిరిగొస్తూ జాన్ క్లౌ అనే యువకుణ్ని వెంటబెట్టుకొచ్చాడు. క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. కొండ దిగాక పన్నెండేళ్లకు.

తర్వాతి కథ అందరూ చెప్పేదే. 1876-78 ధాత కరువు, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కూలి పనులు, బియ్యం కోసం రాకూడదని కరువు నడిచినన్నాళ్లు క్లౌ బాప్తిస్మాలు ఆపేయడం, చివరికి 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. చరిత్ర పుస్తకాల్లో ఆ అంకె పెద్దక్షరాల్లో ఉంటుంది. కొండకు ఫొటో ఉంటుంది. ఆ పన్నెండేళ్లకు మాత్రం ఒక్క వాక్యం. నాకు ఆ పన్నెండేళ్ల పొద్దులే ముఖ్యమనిపిస్తాయి. జూలియా రోజూ లేచి ఏం ప్రార్థన చేసి ఉంటుంది? అడగాల్సింది కొండ మీద అడిగేశారు కదా.

ఇదే కథలో ఇంకొకాయన ఉన్నాడు, ఆయన గురించి మందిరాల్లో ఎక్కువ వినం. యర్రగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడు మాదిగ పల్లెవాడు, తోళ్ల వ్యాపారం చేసేవాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం పొంది, ఒంగోలు చుట్టుపక్కల పల్లెపల్లెకూ తిరిగి సువార్త చెప్పాడు. ఆ వేల మంది రాకకు దారి వేసిన తొలి మనిషి ఈయనే. క్రైస్తవుడు కాకముందు పేరయ్య గురువు దగ్గర యోగం నేర్చినవాడని, కళ్లు మూసి కదలకుండా కూర్చోవడం ఏళ్ల తరబడి సాధన చేసినవాడని క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చయిన తన పుస్తకంలో రాసింది. మౌనంగా కూర్చునే ప్రార్థన తెల్లదొరలు తెచ్చిన అలవాటనో, మన జనానికి పొసగనిదనో అనేవాళ్లు పేరయ్యను తలచుకోవాలి. ఆ మనిషి కూర్చోవడం ముందే నేర్చుకున్నాడు. ఎవరి ఎదుట కూర్చున్నదీ తర్వాత తెలుసుకున్నాడు.

కనిపెట్టడమంటే ఏమిటో తెలియడానికి హైదరాబాదు వాళ్లకైతే సువార్తికుడు భక్తసింగ్ పేరు చాలు. 1903లో పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టి, కెనడాలో ఉండగా క్రీస్తును నమ్ముకుని, చివరికి హైదరాబాదు హెబ్రోను మందిరంలో స్థిరపడ్డాడు. ఆయన జరిపే పరిశుద్ధ సభలకు వేలమంది వచ్చేవారు, అందరికీ అక్కడే భోజనాలు. ఆ హడావుడి అంతా నడిపిన మనిషి గంటల తరబడి మోకాళ్ల మీదే ఉండేవాడు. ఏ ఊరు వెళ్లాలి, ఎప్పుడు బయల్దేరాలి అన్నవి కూడా అక్కడే తేలాలి. ఆఖరి ఏళ్లలో జబ్బు ఆయన్ను మంచానికే పరిమితం చేసింది. 2000 సెప్టెంబరులో ఆయన పోయినప్పుడు జనం తరలివచ్చిన తీరు ఆ రోజుల్లో ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

తలుపెక్కడ?

నీ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థన చేయమని కొండమీద ప్రసంగంలో ఉంది. విన్నవాళ్లలో ఎంతమందికి విడిగా గది ఉండి ఉంటుంది? గలిలయ పల్లెల్లో పేదల ఇళ్లు చిన్నవి, ఇంటిల్లిపాదీ ఒక్కచోటే పడుకునేవారు. ఆ మాట చెప్పిన యేసుకైతే తల వాల్చుకునే చోటే లేదు. కపెర్నహూములో ఒక సాయంత్రం పట్టణమంతా రోగులను తీసుకుని ఆయన ఉన్న ఇంటి వాకిలి దగ్గర గుమిగూడింది. ఆ రాత్రి ఎంత పొద్దుపోయి పడుకున్నాడో గాని, తెల్లవారకముందే లేచి ఊరి బయట ఎవరూ లేని చోటికి వెళ్లిపోయాడు. పేతురు వాళ్లు వెతుక్కుంటూ వచ్చి, అందరూ మీకోసం చూస్తున్నారన్నారు. ఇంకెవరైనా అయితే ఆ మాటకు వెనక్కి పరుగెత్తేవారు. ఆయన పక్క ఊళ్లకు వెళదాం పదండన్నాడు. ఏం చేయాలో ఆ చీకట్లో తేల్చుకుని వచ్చాడని మార్కు సువార్త చదివితే తెలుస్తుంది.

మన ఇళ్లలో తలుపు కోసం ఆడవాళ్లు పడే పాట్లు నేను చూశాను. రెండు గదుల వాటా, ముగ్గురు పిల్లలు, ఏడింటికల్లా క్యారేజీలు. ఒకావిడ డాబా మీద నీళ్ల ట్యాంకు చాటున కూర్చుంటుంది. రాత్రి డ్యూటీ నర్సు ఒకామె వార్డు సద్దుమణిగాక రిజిస్టరు పక్కన చేతులు కట్టుకుని పది నిమిషాలు కళ్లు మూసుకుంటుంది. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లి ఇంటిపని చేసుకునే తల్లులకు వంటగది సర్దాక మిగిలే కాసేపే మందిరం. మూడు శతాబ్దాల క్రితం ఇంగ్లండులో సుసన్నా వెస్లీకి పంతొమ్మిది మంది పిల్లలు పుట్టారు. ఆవిడ నెత్తిన ఏప్రాన్ కప్పుకుందంటే అమ్మ ప్రార్థనలో ఉందని పిల్లలు దూరంగా ఉండేవారని చెప్పుకుంటారు. మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ ఆ పిల్లల్లో ఒకడు. ఈ తల్లులకు తెల్లవారుజామున గంటసేపు కూర్చోకపోతే ఆత్మీయత లేనట్టేనని ప్రసంగాల్లో చెప్పడం అన్యాయం. ఆ గంట కావాలంటే ఇంట్లో మగవాళ్లు స్టవ్ వెలిగించి క్యారేజీలు సర్దాలి. ప్రసంగం అక్కడ మొదలుపెడితే బాగుంటుంది.

ఫోను సంగతి కూడా చెప్పాలి. వాక్యం ఫోన్లోనే చదువుకుంటున్నాం. అయిదింటికే వాట్సాప్‌లో దినవాగ్దానం వస్తుంది, యూట్యూబ్‌లో ఉదయ ప్రార్థన లైవ్ మొదలవుతుంది. మంచం పట్టినవాళ్లకు, ఒంటరి వృద్ధులకు అవి నిజంగా తోడు. కాళ్లూ చేతులూ బాగున్నవాళ్లు మాత్రం ఒక్కటి చూసుకోవాలి. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే వినడం, మనం దేవుడితో ఉండటం ఒకటి కావు. అచ్చు బైబిలు చేతిలో ఉంటే మధ్యలో ఎవరూ పలకరించరు.

ఏమీ తోచని పొద్దులు

మౌనంగా కూర్చున్న మూడో నిమిషానికే కరెంటు బిల్లు గుర్తొస్తుంది. ఇది ఫోన్ల కాలంలో వచ్చిన జబ్బు కాదు. నాలుగో శతాబ్దంలో అన్నీ వదిలేసి ఐగుప్తు ఎడారికి వెళ్లిన సన్యాసులకూ ఇదే గోల. వాళ్ల దగ్గర ఉండి నేర్చుకున్న జాన్ కాసియన్ ఒక ఉపాయం రాసిపెట్టాడు. 70వ కీర్తన మొదటి వచనం పట్టుకోమన్నాడు. దేవుడా త్వరగా వచ్చి ఆదుకోమని వేడుకునే చిన్న వచనం. పనిలో ఉన్నా, పడుకున్నా, మనసు చెదిరినప్పుడల్లా దాని దగ్గరికే తిరిగి రావాలి. తొలకరికి ముందు బావిలో చేద వేసినట్టుంటుంది ఈ పని. మళ్లీ మళ్లీ వేయాలి, కొన్నిసార్లు బురదే వస్తుంది. నాయనమ్మ పట్టుకున్న నాలుగు మాటలూ ఇలాంటివే.

నిద్ర ఇంకో బాధ. ఫ్రాన్సులోని లిసియూ కార్మెల్ మఠంలో ఉన్న సన్యాసిని తెరేజమ్మ ప్రార్థన వేళ తరచూ కునికేది. పిల్లలు నిద్రపోతున్నప్పుడు కూడా తల్లిదండ్రులకు ముద్దేనని సమాధానపడింది. గెత్సేమనే తోటలో శిష్యులు కూడా ఒక్క గడియ మేలుకోలేకపోయారు. పవిత్ర గురువారం రాత్రి కథోలిక గుళ్లలో దివ్యసత్ప్రసాదం ఎదుట జనం వంతులవారీగా కూర్చుని చేసే జాగారం ఆ గడియ కోసమే. పాటలు ఆగాక ఆ గుళ్లలో కూర్చుని చూడండి. ఎవరూ ఏమీ అడుగుతున్నట్టుండదు.

అన్నిటికన్నా కష్టమైంది, ఏళ్ల తరబడి కూర్చున్నా ఏమీ అనిపించకపోవడం. మదర్ తెరెసా 1997లో పోయారు. పదేళ్లకు ఆమె ఉత్తరాలు పుస్తకంగా వచ్చినప్పుడు చాలామంది నివ్వెరపోయారు. దాదాపు యాభై ఏళ్లు లోపలంతా చీకటేనని, దేవుడు ఉన్న జాడే తెలియడం లేదని ఆమె తన ఆత్మీయ గురువులకు రాసుకుంది. అదంతా అనుభవిస్తూనే రోజూ ప్రార్థనలో కూర్చుంది, తర్వాత లేచి రోగుల దగ్గరికి వెళ్లింది. ప్రార్థనలో ఆనందం పొంగాలి, కన్నీళ్లు రావాలి, ఒళ్లు జలదరించాలి అని మనం పెంచుకున్న కొలతలతో చూస్తే ఆమెది ఓడిపోయిన ప్రార్థన. నాకలా అనిపించదు. ఏమీ తోచని పొద్దున కూడా వచ్చి కూర్చోవడమే ఆమె విశ్వాసం.

కుదురుగా కూర్చోవడం మొదలుపెట్టిన కొన్నాళ్లకు ఇంకొకటి జరుగుతుంది. దీని గురించి ఎక్కువగా ఎవరూ హెచ్చరించరు. మన మనవులు అయిపోయాక అటువైపు నుంచి అడగడం మొదలవుతుంది. నాకు తెలిసిన పెద్దాయన ఒకరు కిరాణా కొట్టు నడుపుతారు. కొట్టు తెరవడానికి ముందు, షట్టరు సగం దించి, బియ్యం బస్తాల మధ్య స్టూలు మీద కూర్చుని కనిపెట్టడం ఆయన అలవాటు. ఒక శ్రమకాలంలో రోజూ ఒకటే గుర్తుకొచ్చేదట. పిన్నికొడుకు పేరు మీద ఉన్న పాత బాకీ. సగం డబ్బు ముట్టినా పుస్తకంలో కొట్టేయలేదు, అడిగినప్పుడు మొత్తం ఉందనే చెప్పారు. ఆ తగువుతో ఇద్దరికీ మాటల్లేవు. దీని గురించి ప్రార్థన చేయమని ఆయన ఎవరినీ కోరలేదు. మొదట్లో పక్కకు నెట్టి, వ్యాపారం గురించి, కూతురి సంబంధం గురించి గట్టిగా ప్రార్థన చేసుకునేవారు. గొంతు ఆపగానే మళ్లీ ఆ పేజీయే.

మంచి శుక్రవారానికి ముందు ఖాతా పుస్తకం సంచిలో వేసుకుని తమ్ముడింటికి వెళ్లారు. ఆ పేజీ అతని ముందే చింపి, ఎక్కువ తీసుకున్నది లెక్కగట్టి ఇచ్చారు. మరదలు కాఫీ ఇచ్చింది. తమ్ముడు తలెత్తలేదు గాని, వెళ్లిపొమ్మని కూడా అనలేదు. ఈ సంగతి ఆయన మందిరంలో సాక్ష్యంగా చెప్పలేదు, కొట్టు దగ్గర పప్పు తూస్తూ నాతో అన్నారు. వాళ్లిద్దరి మధ్య ఉమ్మడి గోడ తగాదా ఒకటి ఇంకా తేలలేదు. అదేమైందని అడిగితే, “దాన్ని పెట్టుకునే కూర్చుంటున్నానండీ, ఇంకా చెప్పలేదాయన” అన్నారు.